వంకాయ రంగు లైటు కింద టమోట

మా ఆయన మంచివాడు. ఈ ముక్క ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయేది విన్నాక మీకు ఆ నమ్మకం నిలవదు. మా అమ్మ తుంటి ఆపరేషన్ కోసం పత్తికొండ దగ్గరి పల్లె నుంచి కడపలో మా ఇంటికి వస్తూ, సంచిలో చీరల మడతల మధ్య ఒక పిడక పెట్టుకుని తెచ్చుకుంది. ఆపరేషన్ అయి ఆమె మంచం మీద ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం దోమలు ముసురుకున్నాయి. ఈయన ఆ పిడకను రెండుగా విరిచి, ఒక ముక్క అంటించి, అత్తగారి మంచం కింద పొగ పెట్టాడు. పైగా ఎంతో సేవ చేసినట్టు చేతులు దులుపుకుంటూ నిలబడ్డాడు.

అది పొయ్యిలో పెట్టే పిడక కాదు. మా వైపు ఆడవాళ్ళు విత్తనం కోసం మంచి కాయను బాగా పండనిచ్చి, గింజలు పిండి, బూడిదలో కలిపి, ఆ గింజలను పేడలో ఒత్తి గోడకు కొడతారు. అలా ఉంటే పురుగు ముట్టదు. కావలసినప్పుడు పిడక విరిచి నీళ్ళలో నానబెట్టుకుంటే గింజలు బయటికి వస్తాయి. కడప టౌనులో పుట్టి పెరిగిన మనిషికి ఇవన్నీ ఎలా తెలుస్తాయి? ఆయన దృష్టిలో పిడక అంటే పొగ.

అమ్మ ముక్కు ఎగబీల్చి, "ఏమప్పా, ఏం కాలుస్తాండావు?" అని అడిగింది.

"దోమలకు, అత్తా. మీ సంచిలోదే, బాగా ఎండిన పిడక. ఎంత బాగా అంటుకుందో చూడండి."

అమ్మ గోడ వైపు మొహం తిప్పుకుని పడుకుంది. ఆమె తిట్టి ఉంటే నాకు ఏ బాధా లేకపోయేది. నేను పరుగెత్తి ఆ రెండో ముక్కను ఆయన కాళ్ళ దగ్గర నుంచి లాక్కున్నాను. ఆ రాత్రి వంట చేయలేదు, ఆయనతో మాట్లాడలేదు.

అది మా పెరటి నాటు టమోట. చిన్న కాయ, గుమ్మడికాయలాగా గాళ్ళు గాళ్ళుగా ఉంటుంది, పులుపంటే పులుపు. రెండు కాయలు పడితే చాలు, పప్పులో చింతపండు అక్కరలేదు. మా అన్న పొలంలో వేసేది లారీలకు ఎక్కే హైబ్రిడ్ కాయ. దాన్ని కింద పడేసినా పగలదు. నాటుది అమ్మ పెరట్లో తప్ప ఇంకెక్కడా లేకుండా పోయింది. ఆమె తుంటి విరిగి మంచాన పడ్డాక నీళ్ళు పోసే దిక్కులేక ఆ మొక్కలూ ఎండిపోయాయి. ఇక మిగిలింది ఆ సగం పిడక. అందులో గింజ మొలిస్తే ఆ టమోట ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

మేముండేది అద్దె ఇంటి కింది భాగం. రెండు వైపులా పక్కిళ్ళ గోడలు. మధ్యాహ్నం పన్నెండింటికి కూడా లైటు వేసుకుని బియ్యం ఏరుకుంటాం. ఇంటి ముందు కుండీ పెడితే మేకలు ఊరుకోవు. మిద్దె మీద పెడితే కోతులు. పైగా ఇంటి ఓనరమ్మ, నీళ్ళు దిగి కప్పు పాడవుతుందని మిద్దెకు తాళం వేసింది. అన్నిటికీ మించి, మొక్క తన కంటి ముందర ఉండాలని అమ్మ పట్టుబట్టింది. మళ్ళీ ఎవరు దాన్ని ఎక్కడ అంటిస్తారోనని ఆమె భయం. అందుకని ఆమె మంచం పక్క బల్ల మీద కుండీలు పెట్టాం.

మొలకలైతే వచ్చాయి. ట్యూబులైటు వెలుగు చాలులే అనుకున్నాను. చదువుకున్నదాన్ని, బడిలో పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని, ఆ మాత్రం నాకు తెలియదా అని ధీమా. వారం తిరిగేసరికి మొలకలు దారాల్లాగా సాగి, తల ఎత్తలేక పక్కకు వాలిపోయాయి.

"చీకటి కొట్టంలో పెట్టి పెరగమంటే యాడ పెరుగుతాయే? వెలుగు యాడుండాదా అని మెడలు సాపుతాండాయి పాపం," అంది అమ్మ.

చేసిన తప్పు దిద్దుకోవాలని మా ఆయన రంగంలోకి దిగాడు. పెళ్ళిళ్ళకు షామియానాలు వేసే స్నేహితుడి దగ్గర నుంచి పెద్ద ఫోకస్ లైటు పట్టుకొచ్చాడు. ఊరేగింపులో వేస్తే పెళ్ళికొడుకు మొహం మీద చెమటలు పట్టిస్తుందే, ఆ లైటు. స్విచ్చి వేసేసరికి గది గదంతా పగలైంది. కాసేపటికి కొలిమి కూడా అయింది. అమ్మ చీర కొంగుతో విసురుకుంటూ, "ఏమప్పా, పిడక అయిపాయ, ఇంగ నన్ను కాలుస్తావా?" అంది. సాయంత్రానికి మొలకల ఆకులు ముడుచుకుపోయాయి. సగం చచ్చాయి. మిగిలినవాటిని చూస్తుంటే నాకు ఏడుపు వచ్చింది. ఏడ్చాను కూడా, ఆయన మీద అరుస్తూనే.

ఇక లాభం లేదని ఫోను పట్టుకుని కూర్చున్నాను. చిన్న గదిలో లైటు పెట్టి మొక్క పెంచడం ఎలా అని వెతికాను. ఏ పేజీ తెరిచినా గంజాయే. ప్రపంచంలో తలుపులు మూసుకుని, లైట్ల కింద మొక్కను కన్నబిడ్డలా పెంచడం గురించి ఇంత శ్రద్ధగా ఆలోచించిన వాళ్ళు గంజాయి వాళ్ళేనని ఆ రోజు తెలిసింది. నేనేమో ఆదివారం బడిలో పిల్లలకు పది ఆజ్ఞలు నేర్పే మనిషిని. ఏం చేస్తాం, వాళ్ళు గంజాయి అన్నచోటల్లా టమోట అనుకుని చదువుకున్నాను.

ఒప్పుకోవాలి, బాగా రాశారు. లైటు పెట్టె మీద వాట్లు చూసి మోసపోవద్దన్నారు. దగ్గర పెడితే ఆకు మాడుతుంది, దూరం పెడితే కాడ సాగుతుంది, లైటును తాడుకు కట్టి మొక్క పెరిగేకొద్దీ పైకి లాగమన్నారు. నీలం వెలుగు ఆకుకు, ఎరుపు వెలుగు పూతకు అన్నారు. ఎల్‌ఈడీ అయితే వేడి తక్కువన్నారు. అన్నీ చెప్పి చివర, మనిషి కంటికి తెల్లగా ఉండే లైటే తీసుకో, మొక్క ఎలా ఉందో నీకు కనపడాలి కదా అన్నారు. ఆ చివరి మాట దగ్గరికి వచ్చేసరికి పొయ్యి మీద పాలు పొంగాయి.

మా ఆయన భుజం మీద నుంచి ఫోనులోకి తొంగి చూసి, "ఏందే, ఉద్యోగం మానేసి కొత్త యాపారం పెడతాండావా?" అన్నాడు.

"నోరు మూసుకుని పొండి. మీరు పిడక కాల్చకపోతే నాకీ చదువు ఎందుకు?"

పిడక మాట ఎత్తితే చాలు, ఆ రోజుల్లో ఏ వాదనైనా నేనే గెలిచేదాన్ని. కానీ ఆ తర్వాత నా ఫోనుకు పట్టిన తెగులు మాత్రం వదల్లేదు. స్టాఫ్ రూములో తోటి టీచరుకు మా అమ్మాయి ఫోటో చూపిస్తుంటే, మధ్యలో ఒక ప్రకటన వచ్చి, మొక్కల వాసన వీధిలోకి పోకుండా గొట్టం కావాలా అని అడిగింది. ఆవిడ నా వైపు చూసి, ఏమీ అడక్కుండా టీ తాగింది.

ఎరుపు, నీలం కలిసిన లైటు తెప్పించాను. పెట్టె మీద బొమ్మ చూస్తే రాకెట్లు పంపే వాళ్ళు తయారు చేసినట్టే ఉంది. దాన్ని తాడుకు కట్టి, మొక్కలకు జానెడు ఎత్తున వేలాడదీసి స్విచ్చి వేశాను. గదంతా వంకాయ రంగు. గోడలు, దుప్పటి, మంచినీళ్ళ చెంబు, అన్నీ వంకాయలే. అమ్మ తన చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఇదేం లైటే, ఆకు నల్లగా కనపడ్తాండాది."

"అలాగే ఉంటుందిమా. సైన్సు."

మొక్కలు మాత్రం నిక్కి నిలబడ్డాయి. కాడ లావెక్కింది. నా గర్వం కూడా అంతే లావెక్కింది.

సరిగ్గా అప్పుడే శ్రమదినాలు మొదలయ్యాయి. ఈస్టర్ ముందు వచ్చే ఆ నలభై రోజులూ మా గుడిలో బల్ల మీద ఊదా రంగు గుడ్డ పరుస్తారు. మా పాస్టర్ అయ్యగారు మంచం పట్టిన అమ్మ కోసం ప్రార్థన చేద్దామని సాయంత్రం ఇంటికి వచ్చారు. వాకిట్లో చెప్పులు విప్పి, గది గడప దగ్గర అలాగే నిలబడిపోయారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"శానా ఇండ్లు తిరిగినానమ్మా. ఈ దినాల్లో గదిని కూడా ఊదా రంగులో పెట్టుకున్న ఇల్లు ఇదొక్కటే చూస్తాండా," అన్నారు.

నేను నోరు తెరిచాను. అమ్మ నా మోచెయ్యి గిల్లింది. "ప్రార్థన చేయండయ్యా," అంది తల మీద కొంగు కప్పుకుంటూ. ఆయన చేసిన ప్రార్థనలో మా ఇంటి వెలుగు ప్రస్తావన రెండు మూడు చోట్ల వచ్చింది. నేను కళ్ళు మూసుకుని, ఆయన కళ్ళు తెరిచి టమోట మొక్కలను చూడకుండా ఉంటే చాలు ప్రభువా అని వేరే ప్రార్థన చేసుకున్నాను.

అంతటితో ఆగితే బాగుండేది. ఆయన ఆదివారం ప్రసంగంలో పేరు చెప్పకుండా మా ఇంటి గురించి చెప్పారు. పేరు చెప్పకపోయినా అందరూ తిరిగి నా వైపే చూశారు. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు చుట్టూ మూగి, ఆ బల్బు ఎక్కడ దొరుకుతుందని అడిగారు. చెప్పక తప్పింది కాదు. ఇంకో వారానికి మా వీధిలో మరో రెండిళ్ళ కిటికీలు వంకాయ రంగులో వెలిగాయి. ఆ ఇళ్ళలో మొక్కలు లేవు, భక్తి ఒక్కటే ఉంది.

ఇంటి ఓనరమ్మ మా గుడికి రాదు. మా ఒక్క కిటికీనే అయితే టీచరమ్మకు పిచ్చి పట్టిందనుకుని ఊరుకునేది. మూడు ఇళ్ళలో ఒకే రంగు కనిపించేసరికి ఆమెకు ఇది ముఠా అనిపించింది. ఆమె తమ్ముడు కానిస్టేబులు. గంజాయి మొక్కలను ఇలాంటి లైట్ల కిందే పెంచుతారని అతను ఫోనులో ఏదో వీడియో చూశాడట. నేను చదివిన పేజీల వాళ్ళదే అయి ఉంటుంది.

యూనిఫాం లేకుండా వచ్చాడు. మంచినీళ్ళు అడిగాడు. ఇచ్చాను. నీళ్ళు తాగుతూ తాగుతూ అమ్మ గది వైపు నడిచాడు.

"ఏం మొక్కలు మేడమ్ ఇవి?"

"టమోట."

"ఇంట్లోనా?"

"మిద్దెకు మీ అక్క తాళం వేసింది కదా. ఇంకెక్కడ పెట్టమంటారు?"

నా గొంతు పెరగడం నాకే వినిపించింది. స్టేషనులో ఫోను తెరిచి చూస్తే నా చదువంతా బయట పడుతుంది. టమోట మొక్కకు అంత చదువెందుకని అడిగితే ఏం చెప్పాలి? అతను స్విచ్చి ఆపి, జేబులోంచి టార్చి తీసి, మొక్క మీద వేశాడు. ఆకు నలిపి వాసన చూశాడు.

"టమోటనే," అన్నాడు, పాపం, చాలా నిరాశగా.

కానీ మేమెవరమూ అతని మాట వినలేదు. టార్చి వెలుగులో ఆకులు పసుపు పచ్చగా ఉన్నాయి. కింది ఆకులైతే పండిపోయి వేలాడుతున్నాయి. ఇన్ని రోజులూ ఆ వంకాయ రంగులో అన్నీ నల్లగానే కనిపించాయి తప్ప, మొక్క చస్తోందని మాకు తెలియలేదు.

"అయ్యో, అయ్యో," అంది అమ్మ. "టార్చి దగ్గరికి పట్టు నాయనా. నీళ్ళెక్కువయి ఊరిపోయిందే ఇది. ఎవరు పోస్తాండారు ఇన్ని నీళ్ళు?"

అమ్మ చేతికి అందేటట్టు పెట్టిన చెంబు వైపు నేను చూశాను. మా ఆయనా చూశాడు. చివరికి కానిస్టేబులు కూడా చూశాడు.

"అంత వెలుగు పడతాండాది గదా, ఎండకు దప్పి అయితాదేమో అని..." అని అమ్మ నసిగింది. పిడక కాల్చిన తర్వాత మా ఆయన మొదటిసారి అత్తగారి ముందు తలెత్తి నిలబడ్డది అప్పుడే.

మర్నాడే తెల్ల ఎల్‌ఈడీ కోసం ఎలక్ట్రికల్ షాపుకు వెళ్ళాను. ఎంత గదికమ్మా అని షాపతను అడిగాడు. గదికి కాదు, టమోటకు అన్నాను. అతను ఇంకో ప్రశ్న వేయకుండా దుకాణంలో ఉన్నవాటిలో అన్నిటికన్నా తెల్లటిది తీసిచ్చాడు. ఆ వెలుగులో ఆకు ఆకులాగే కనిపించింది. చెంబు వంటింట్లోకి మారింది. పసుపు తిరిగిన మొక్కల్లో ఒకే ఒక్కటి తేరుకుంది. వంకాయ లైటును ఏం చేద్దామా అనుకుంటుంటే అప్పటికే టమోట కథంతా విన్న అయ్యగారు తామే అడిగి గుడికి తీసుకుపోయారు.

ఆ ఒక్క మొక్కే ఇక. పొద్దున ప్రార్థన కాగానే లైటు వేయడం, రాత్రి ప్రార్థన కాగానే ఆపడం అమ్మ నియమం. గంజాయి వాళ్ళు ఇంకా ఎక్కువసేపు వేయమన్నారని చెబితే, "వాళ్ళకు నిద్రా ఉండదు, బుద్ధీ ఉండదు. దీనికి నిద్ర కావల్ల," అంది. ఎండలు ముదిరాయి. పూత వేడికి రాలిపోతుంటే అమ్మ తన వైపున్న కూలరును మొక్క వైపు తిప్పించి, తను విసనకర్రతో విసురుకుంది. ఇంట్లోకి తేనెటీగ రాదు కదా, పూత మీద వేలితో మెల్లగా తట్టాలని నేను చదివింది చెప్పాను. ఆ పని ఆమె ఎవరినీ ముట్టనివ్వలేదు. డాక్టరు లేచి నిలబడమంటే కాళ్ళు వణుకుతాయని ఏడ్చే మనిషి, పూత తట్టడానికి మాత్రం మంచం అంచుకు జరిగి, బల్ల పట్టుకుని ముందుకు వంగేది. ఇద్దరం పట్టుకుంటే తప్ప నిలబడేది కాదు. పట్టు తప్పి మళ్ళీ పడతానని ఆమెకు భయం.

ఎంత తట్టినా ఒకే కాయ నిలిచింది. అది ఎర్రబడుతుంటే మా ముగ్గురికీ వేరే మాట లేదు. మా అమ్మాయి హాస్టలు నుంచి ఫోను చేసినా ముందు కాయ సంగతే అడిగేది.

కాయ బాగా పండింది. గింజలు తీద్దామని నేను గిన్నె తెచ్చాను.

"ముట్టుకోవద్దు. తొలికాయ దేవునిది," అంది అమ్మ.

మా గుడిలో ఆ పద్ధతి ఉంది. ఎవరింట ఏది మొదట పండినా, కోడి మొదట గుడ్డు పెట్టినా, గుడికి తెస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. పాడుకున్నవాళ్ళు ఇంటికి తీసుకుపోయి వండుకుని తింటారు.

"మా, ఇది తొలికాయ కాదు, ఆఖరి కాయ. ఎవరో కొనుక్కుపోయి పప్పులో వేసుకుంటే ఏం మిగులుతుంది?"

"నా పెరట్లో ఎన్నేండ్లు కాసినా తొలికాయ నేను తినలేదు. ఇప్పుడు తింటానా?"

"తినమన్నానా? గింజలు తీద్దామన్నాను."

"రెండూ ఒకటే."

నాకు ఒళ్ళు మండింది. ఇన్ని నెలలు లైట్లు మార్చి, పోలీసు చేత తనిఖీ చేయించుకుని, కాపాడింది ఇందుకా? ఆ మాటే అన్నాను. ఆమె గోడ వైపు తిరిగింది. పిడక కాలిన రోజు తిరిగినట్టే. ఆదివారం దాకా మేమిద్దరం ఆ కాయ గురించి మాట్లాడుకోలేదు. కానీ వేలంలో ఆ కాయను నేనే పాడుకోవాలని మనసులో గట్టిగా అనుకున్నాను.

ఆదివారం అమ్మనూ కాయనూ ఆటోలో గుడికి తీసుకెళ్ళాం. అమ్మను వెనక గోడ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నేను ముందు చాప మీద ఆడవాళ్ళతో కూర్చున్నాను. ఆరాధన అయ్యాక వేలంలో ఒక గుమ్మడికాయ, ఒక కోడిపుంజు పోయాయి. తర్వాత అయ్యగారు మా టమోటను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నారు.

"ఇది మామూలు కాయ కాదు. దీని కథ మీ అందరికీ తెలుసు. ఎవరు పాడతారు?"

అందరూ నవ్వారు. నేను వెంటనే పాడాను. ఎవరూ ఎదురు రారనుకున్నాను.

"వెనక నుంచి ఇంకొకరు పెంచినారు," అన్నారు అయ్యగారు.

నేను పెంచాను. వెనక నుంచి మళ్ళీ పెంచారు. వంకాయ బల్బు తెప్పించుకున్నవాళ్ళలో ఎవరో అయి ఉంటుంది, నాతో పంతానికి వచ్చిందని అనుకున్నాను. చెవులు వేడెక్కాయి. మళ్ళీ పెంచాను. అయ్యగారు మీసాల్లో నవ్వుకుంటూ, "వెనకవాళ్ళు వదిలేటట్టు లేరమ్మా," అన్నారు. ఇక కోపం ఆగలేదు. ఎవరామె అని అడగడానికి వెనక్కి తిరిగాను.

మా అమ్మ. కుర్చీలో లేదు, కుర్చీ పక్కన నిలబడి ఉంది. ఒక చెయ్యి గోడకు ఆనించి, రెండో చెయ్యి పైకి ఎత్తి, నా వైపు చూడకుండా కాయ వైపే చూస్తోంది. ఆమె పక్కన ఎవరూ లేరు. ఎవరూ పట్టుకోలేదు.

నా నోట పాట రాలేదు. అయ్యగారు మూడుసార్లు పిలిచి, అమ్మకే ఖాయం చేశారు. కాయను ఎవరైనా తెచ్చిస్తారని ఆమె ఆగలేదు. చాపల మీద ఉన్న ఆడవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారి ఇస్తుంటే, వాళ్ళ భుజాలు ఒక్కొక్కటే పట్టుకుంటూ ముందుకు వచ్చింది. కొంగు ముడి విప్పి పింఛను దుడ్లు బల్ల మీద పెట్టి, కాయ తీసుకుంది. తిరిగి నా దగ్గరికి వచ్చింది.

"నువ్వేంటికే పాడ్తాండావు? దేవునికిచ్చింది మల్ల అడక్కూడదు గానీ కొనుక్కోవచ్చు. ఆ మాత్రం నాకు తెలీదా?" అంది. అని, గొంతు తగ్గించి, "పట్టుకోవే. కాళ్ళు వణుకుతాండాయి," అంది.

లేచి పట్టుకున్నాను. నా కళ్ళ నీళ్ళు ఆమె భుజం మీద పడ్డాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. మెల్లగా బయటికి వచ్చాం. గుడి మెట్ల దగ్గర ఎండ చురుక్కుమంటోంది. అమ్మ కాయను ఎండలో ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఈ లైటు బాగుండాదే," అంది.

మా ఆయన ఆటో దగ్గర నిలబడి, ఎక్కమని చెయ్యి ఊపాడు. అమ్మ తల అడ్డంగా ఆడించింది.

"ఆటో ఎనకాల రానీ. అందులో పోతే పేడ యాడ కనపడ్తాది? ఇయ్యాలే పిడక కొట్టల్ల."

ఆయన నా మొహం చూశాడు, అమ్మ కాళ్ళు చూశాడు. ఆటోవాణ్ణి మెల్లగా వెనక రమ్మని చెప్పి, తను మాకన్నా ముందు నడిచాడు, దారికి రెండు పక్కలా పేడ వెతుక్కుంటూ.